మన్ను తినే బిడ్డ, తిట్లు తినే తల్లి

తాండూరులో కాలుష్యం మాటెత్తితే ఎవరైనా చేయి చాపి చూపిస్తారు. నాపరాయి పాలిషింగు యూనిట్ల నుంచి లేచే పొడి, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, బండలు మోసే లారీలు రేపే మట్టి. చెట్ల ఆకుల మీద, ఆరేసిన చీరల మీద, బిందె మూతల మీద పేరుకునే ఆ తెల్లటి పొడిని రోజుకెన్నిసార్లు తుడవాలో అక్కడి ఆడవాళ్ళకి బాగా తెలుసు. కంటికి కనబడుతుంది కాబట్టి జనం దాని గురించి మాట్లాడతారు, పత్రికలు రాస్తాయి, ఎన్నికలప్పుడు నాయకులు హామీలిస్తారు. నేనిప్పుడు రాస్తున్నది కంటికి కనబడని మరో పొడి గురించి. అది సీసం పొడి. ఒంట్లో అది వుందో లేదో రక్తపరీక్ష చేస్తేగాని తెలియదు.

పోయిన ఎండాకాలం వికారాబాద్‌లో స్త్రీల ఆరోగ్యం గురించి ఒక చిన్న సమావేశం పెట్టుకున్నాం. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, పొదుపు సంఘాల వాళ్ళు కలిపి ముప్ఫై మంది దాకా వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాండూరు నుంచి వచ్చిన ఒకామె తన మూడేళ్ళ కొడుకు సంగతి ఎత్తింది. "ఎంత కొట్టినా మన్ను తినుడు మానుతలేడక్కా. గోడకున్న సున్నం గూడ గీకి తింటడు. కడుపునొప్పని ఏడుస్తడు. దవాఖానకు తీస్కపోతే రక్తం తక్కువున్నది, పిల్లల్ని సాకుడు గూడ రాదా నీకు అని నన్నే తిట్టిండ్రు" అంది.

వెంటనే సలహాలు కురిశాయి. నులిపురుగుల గోళీ వేయించమని ఒకరు, తోటకూర, మునగాకు పెట్టమని ఒకరు, బెల్లం పల్లీలు ముద్ద చేసి పెట్టమని ఇంకొకరు. నేను కూడా ఇనుము ఎందులో ఎంత వుంటుందో చెప్పడం మొదలుపెట్టాను. డాక్టరేటు చేసినవాళ్ళకి ఎదుటివాళ్ళు అడగని పాఠం చెప్పే జబ్బు వుంటుంది, నాకూ వుంది. నా ఉపన్యాసం మధ్యలో ఒక అంగన్‌వాడీ టీచరు, "నువ్వేం పనిజేస్తవమ్మా, పిల్లగాన్ని యాడ వండవెడ్తవ్?" అని అడిగింది.

ఆమె, ఆమె భర్త ఊరి చివర పాత సామాన్ల దుకాణంలో పనిచేస్తారు. రేకుల షెడ్డు. ఊళ్ళలో తిరిగి కొనుక్కొచ్చిన తుక్కు అక్కడ చేరుతుంది. వైర్లు కాల్చి రాగి తీస్తారు. పాత టీవీలు, ఛార్జర్లు, కంప్యూటర్ల లోపలి పచ్చటి ప్లేట్లు విడగొడతారు. ఇన్వర్టరు బ్యాటరీలు పగలగొట్టి లోపలి సీసం పలకలు విడదీస్తారు. ఒక్కోసారి అక్కడే బొగ్గుల మీద కరిగించి దిమ్మె చేస్తారు. పిల్లవాడు ఆ షెడ్డులోనే గోనెసంచుల మీద పడుకుంటాడు. అతను తినే మన్ను ఆ షెడ్డు ముందరి మన్ను.

దవాఖానలో ఎవరూ ఆమెని ఈ ప్రశ్న అడగలేదు. ఆ టీచరు అడక్కపోతే నేనూ బెల్లం, మునగాకుల దగ్గరే ఆగిపోయేదాన్ని.

సీసం శరీరానికి ఏ విధంగానూ అక్కరలేని లోహం. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెబుతోంది. పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళిన సీసంలో కొద్ది భాగమే రక్తంలోకి ఎక్కుతుంది. చిన్నపిల్లలలో దానికి నాలుగైదు రెట్లు ఎక్కుతుంది. పైగా పాకే పిల్లలు, నేల మీద ఆడే పిల్లలు, చేయి నోట్లో పెట్టుకునే పిల్లలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ దుమ్ము మింగుతారు. ఎదిగే మెదడు మీద అది వేసే దెబ్బ చాలావరకు తిరిగి పూడేది కాదు. ఎక్కువ మోతాదులో అయితే ఫిట్స్, స్పృహ తప్పడం, మరణం. తక్కువ మోతాదులో అయితే పైకి ఏ జబ్బూ కనబడదు. పిల్లవాడు చెప్పింది త్వరగా పట్టుకోలేడు, ఒకచోట కుదురుగా కూర్చోలేడు, చిరాకు పడతాడు, తిండి సయించదు, రక్తం తగ్గుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఇప్పుడు పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితేనే జాగ్రత్తపడాలంటోంది. 5 దాటితే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, 5 మైక్రోగ్రాములు, ఆపైన వున్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది. వాళ్ళలో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే.

ఇక్కడ రక్తహీనత సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన కార్యకర్తలందరికీ రోజూ ఎదురయ్యేది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు దాటిన, అయిదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత వుంది. ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు పేగులు ఇనుము కోసం వెతుకుతూ దానిలాగే లోపలికి వచ్చే సీసాన్ని కూడా ఎక్కువగా పీల్చుకుంటాయి. లోపలికి చేరిన సీసం రక్తం తయారయ్యే క్రమాన్ని దెబ్బతీసి రక్తహీనతను ఇంకా పెంచుతుంది. రక్తం తక్కువైన పిల్లలకి, గర్భిణులకి మన్ను, సున్నం, బలపాలు తినాలనిపించడం మనకు తెలిసిందే. ఆ మన్నులోనే సీసం వుంటే ఇక ఇది గానుగెద్దు తిరుగుడు. మనం ఐరన్ గోళీలు ఇస్తూనే వుంటాం, హిమోగ్లోబిన్ పెరగడం లేదని తల్లిని అనుమానిస్తూనే వుంటాం, "గోళీలు మింగుతున్నవా, పారేస్తున్నవా?" అని.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు అనేక రకాల సమస్యలకు పరీక్షలు చేస్తారు. తీవ్ర రక్తహీనత ఆ పట్టికలో వుంది, మానసిక ఎదుగుదల లోపాలు కూడా వున్నాయి, ఆ రెండింటికీ కారణం కాగల సీసం మాత్రం లేదు. గర్భిణులకు చేసే మామూలు పరీక్షల్లోనూ లేదు. తల్లి చిన్నతనం నుంచి ఎముకల్లో దాచుకున్న సీసం గర్భంతో వున్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోని కాల్షియంతో పాటు కరిగి రక్తంలోకి వస్తుంది, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. పదేళ్ళ వయసులో తుక్కు ఏరిన ఆడపిల్ల పాతికేళ్ళకు తల్లి అయినప్పుడు ఆనాటి సీసం బిడ్డను తాకగలదన్నమాట. అప్పటికి ఆమె ఏ పనిలో వున్నా సరే.

ఈ మాట చదివి ఎవరూ పాలిచ్చే తల్లులను భయపెట్టవద్దు. తల్లి రక్తంలో సీసం 40 మైక్రోగ్రాములకు చేరితే తప్ప పాలు మాన్పించనక్కరలేదన్నది వైద్యుల సలహా. మామూలుగా తల్లిపాలు ఆపితే బిడ్డకు జరిగే నష్టమే ఎక్కువ.

బడి సంగతికి వస్తాను. 2005లో వివిధ దేశాల అధ్యయనాలను కలిపి లాన్‌ఫియర్, ఆయన సహచరులు చేసిన విశ్లేషణలో, పిల్లల రక్తంలో సీసం 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగినప్పుడు ఐక్యూ దాదాపు 4 పాయింట్లు తగ్గినట్టు తేలింది. 10 నుంచి 20కి పెరిగినప్పుడు తగ్గింది 2 పాయింట్లలోపే. అంటే మొదటి కొద్దిపాటి సీసమే ఎక్కువ నష్టం చేస్తోంది. ఐక్యూ అనే కొలత మీద సమాజశాస్త్రవేత్తగా నాకు సవాలక్ష అభ్యంతరాలున్నాయి. ఎవరి భాషలో, ఎవరి అనుభవంలోంచి ఆ ప్రశ్నలు తయారవుతాయన్నది పాత చర్చే. కాని ఒకే కొలతతో కొలిచినప్పుడు ఒకే రకమైన పిల్లల మధ్య వచ్చే తేడాను కొట్టిపారేయలేం. నన్ను కలవరపెట్టేది వేరే విషయం. తుక్కు ఏరే కుటుంబాలు మన ప్రాంతంలో ఏ కులాల వాళ్ళో, ఏ మతం వాళ్ళో మనకు తెలుసు. దళితులు, ముస్లింలు, సంచార జాతుల వాళ్ళు. ఆ పిల్లవాడు రెండో తరగతిలో అక్షరాలు కలపలేకపోతే టీచరు సీసం గురించి ఆలోచించడు. "వీళ్ళకి చదువెక్కడ అబ్బుతుంది" అంటాడు. విషం చేసిన పనిని కులం ఖాతాలో వేస్తారు. ఇంట్లోనేమో అదే నష్టాన్ని తల్లి పెంపకం ఖాతాలో వేస్తారు. సీసం పేరు మాత్రం ఎక్కడా పైకి రాదు.

ఈ తుక్కు ఎక్కడిది? మన ఇళ్ళలోదే. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సైజును బట్టి కిలో, రెండు కిలోల దాకా సీసం వుంటుంది. పాత రేడియో, టీవీ, కంప్యూటరు ప్లేట్ల మీద భాగాలను అతికించిన టంకంలో మూడో వంతుకు పైగా సీసమే. ఇన్వర్టరు, ఆటో, ట్రాక్టరు బ్యాటరీల బరువులో సగానికి పైగా సీసం. సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది, దానికి కొలిమి అక్కరలేదు, బొగ్గుల కుంపటి చాలు. అందుకే ఈ పని ఎవరి పెరట్లోనైనా చేయవచ్చు. బట్టలకీ జుట్టుకీ పట్టిన పొడి సాయంత్రం ఇంటికి వస్తుంది, బిడ్డను ఎత్తుకున్న కొంగుకు వుంటుంది, పడుకునే బొంతకు వుంటుంది. ఇల్లూ కార్ఖానా వేరు కాని చోట పనివాళ్ళ ఆరోగ్యం, పిల్లల ఆరోగ్యం అని రెండు వేర్వేరు సమస్యలు వుండవు. షెడ్లలో వేరుచేసిన ప్లేట్లు, పలకలు మూటలు కట్టి హైదరాబాద్ గోదాములకు, అక్కడి నుంచి ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు పోతాయి. లాభం పైకి పోతుంది. పొడి కింద మిగులుతుంది. క్షయరోగులకు మంచి గాలి కావాలని నిజాం కాలంలో అనంతగిరి గుట్ట మీద ఆసుపత్రి కట్టిన ప్రాంతం ఇది.

ప్రపంచవ్యాప్తంగా 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త తయారైందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క దొరికేది నాలుగో వంతు కూడా లేదని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. చెత్త ఏరే అసంఘటిత రంగంలో 1 కోటీ 29 లక్షల మంది దాకా స్త్రీలు ఈ విషాలకు గురయ్యే ప్రమాదంలో వున్నారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. చైనాలో గుయ్యు అనే ఊరు ఈ చెత్తకు పేరుమోసింది. అక్కడి చిన్నపిల్లల రక్తంలో సగటున 15 మైక్రోగ్రాములకు పైగా సీసం వుందని, ఈ పని లేని పక్క ఊరి పిల్లల్లో అది 10లోపేనని 2007లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. పక్క ఊరిలో కూడా తక్కువేమీ కాదు, గమనించండి.

సెనెగల్ దేశ రాజధాని డాకర్ శివార్లలో తియారాయ్ సుర్ మేర్ అనే వాడ వుంది. అక్కడ ఏళ్ళ తరబడి పాత బ్యాటరీలు పగలగొట్టారు. సీసం ధర పెరిగాక అక్కడి ఆడవాళ్ళు ఆ నేల మట్టిని తవ్వి, జల్లెడ పట్టి, అందులోని సీసం ముక్కలు అమ్ముకోవడం మొదలుపెట్టారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి దాకా అయిదు నెలల్లో 18 మంది పసిపిల్లలు చనిపోయారు. తర్వాత పరీక్షిస్తే వాళ్ళ తోబుట్టువుల రక్తంలో, తల్లుల రక్తంలో సీసం విపరీతంగా వుంది. ఆ తల్లులు జల్లెడ పట్టింది పిల్లలకు తిండి పెట్టడానికే.

కెన్యాలోని మొంబాసాలో ఫిలిస్ ఒమిడో పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగంలో చేరింది. ఒంటరి తల్లి. ఆమె పసిబిడ్డ జబ్బుపడితే మలేరియా అనీ, టైఫాయిడ్ అనీ వైద్యం చేశారు. చివరికి తేలింది సీసం, అదీ ఆమె పాల ద్వారా. ఆమె వుద్యోగం వదిలి, ఓవినో ఉహురు అనే ఆ బస్తీ వాళ్ళతో కలిసి పోరాడింది. జైలుకూ వెళ్ళింది. 2014లో ఫ్యాక్టరీ మూతపడింది. 2020లో అక్కడి కోర్టు బస్తీ వాళ్ళకు 130 కోట్ల కెన్యా షిల్లింగుల నష్టపరిహారం ప్రకటించింది. ఆ తర్వాత కేసు పై కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి నడిచింది. ఒమిడో బిడ్డకు పరీక్ష చేయించమని సలహా ఇచ్చినవాళ్ళు లేకపోతే అది కూడా ఒక "బలహీనమైన బిడ్డ" కథగానే మిగిలిపోయేది.

మన తెలుగు నేల మీద కూడా 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఒక్కసారిగా ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు పత్రికలన్నీ సీసం పేరు రాశాయి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా కనబడ్డాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. వారం పది రోజులు సీసం మాట ఇంటింటా మోగింది. తర్వాత సద్దుమణిగింది. జనం వీధిలో కూలిపోతే తప్ప మన వ్యవస్థ రక్తం తీసి చూడదు. నెమ్మదిగా జరిగే నష్టానికి అంబులెన్సు రాదు.

తాండూరు నుంచి వచ్చినామె సమావేశం ముగిశాక నన్ను పక్కకు పిలిచి, "పరీక్షజేస్తే సీసం వున్నదని వస్తే, మా దుకాణం మూయిస్తరా అక్కా?" అని అడిగింది. నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ సంపాదకీయం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

ఎందుకంటే ఆమె భయం ఉత్తి భయం కాదు. సీసం నుంచి స్త్రీలను "రక్షించడం" అంటే స్త్రీలను పనిలోంచి తీసేయడమేనని వందేళ్ళుగా చట్టాలు, యజమానులు అర్థం చెబుతూ వచ్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన 1919లోనే స్త్రీలను, పిల్లలను కొన్ని సీసం పనుల నుంచి తప్పించాలని సిఫార్సు చేసింది. సీసం తెల్లరంగుతో చేసే పారిశ్రామిక పెయింటింగు పనిలో స్త్రీలను పెట్టకూడదని 1921 ఒప్పందం చెప్పింది. పురుషులు ఆ సీసంతోనే మిగిలిపోయారు. 1978లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అమెరికన్ సయనమిడ్ కంపెనీ, గర్భం దాల్చే అవకాశం వున్న స్త్రీలెవరూ సీసం రంగుల విభాగంలో పనిచేయకూడదంది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అయిదుగురు స్త్రీలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పేరిట స్త్రీల శరీరాలకు ఏం జరిగిందో తెలిసిన మన పాఠకులకు ఈ విషయం వివరించనక్కరలేదు.

జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీ కంపెనీ కూడా 1982లో అలాంటి నిషేధమే పెట్టింది. యూనియన్ కోర్టుకెళ్ళింది. ఫిర్యాదు చేసిన వాళ్ళలో ఒక మగ కార్మికుడు కూడా వున్నాడు. తండ్రి కావాలనుకుని, ఒంట్లో సీసం తగ్గించుకోవడానికి సెలవడిగితే కంపెనీ ఇవ్వలేదు. సీసం మగవాళ్ళ వీర్యాన్ని కూడా దెబ్బతీస్తుందన్న సంగతి కంపెనీ పట్టించుకోలేదు. 1991 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధం స్త్రీల పట్ల వివక్ష అని తీర్పు చెప్పింది. పుట్టబోయే పిల్లల గురించి నిర్ణయం తల్లిదండ్రులదే తప్ప యజమానిది కాదని అంది. మంచి తీర్పే. కాని పనిలో వున్న సీసాన్ని తగ్గించమని ఆ తీర్పు కంపెనీని ఆదేశించలేదు. విషం దగ్గర పనిచేసే సమాన హక్కు మాత్రమే చేతికి వచ్చింది. స్త్రీవాదులుగా మనం ఆ తీర్పు దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు.

మన దేశంలో 2020లో చేసి 2025 నవంబరులో అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ స్త్రీలు అన్ని రకాల పనులూ చేయవచ్చంటోంది, ప్రమాదకరమైన చోట తగిన రక్షణ ఏర్పాట్లు చేయమంటోంది. కాగితం మీద బాగానే వుంది. అదే కోడ్ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను కరెంటు వున్నచోట 10 నుంచి 20కి, లేనిచోట 20 నుంచి 40కి పెంచింది. ఆరుగురు పనిచేసే రేకుల షెడ్డు పాత చట్టంలోనూ ఫ్యాక్టరీ కాదు, కొత్త చట్టంలోనూ కాదు.

ఎలక్ట్రానిక్ చెత్త నియమాల్లో మాత్రం మనం పట్టుకోగల కొస ఒకటి వుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వున్న 2022 నియమాలు ప్రధానంగా తయారీదార్ల గురించి, రిజిస్టరైన రీసైక్లర్ల గురించి, వాళ్ళు కొనీ అమ్మీ చేసే సర్టిఫికెట్ల గురించి మాట్లాడతాయి. తుక్కు ఏరే స్త్రీకి ఆ సర్టిఫికెట్ల బజారులో చోటు లేదు. అయితే రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యతల కింద, ఈ పనిలో వున్న కార్మికులను గుర్తించి నమోదు చేయాలని, వాళ్ళు సంఘాలుగా ఏర్పడేందుకు సాయపడాలని, నైపుణ్యం నేర్పాలని, ఏటా వాళ్ళ భద్రతను, ఆరోగ్యాన్ని పర్యవేక్షించాలని రాసివుంది. వికారాబాద్ 2016 అక్టోబరులో జిల్లా అయింది. కార్మిక శాఖ అధికారికి, జిల్లా వైద్యాధికారికి ఈ జిల్లాకంటూ కార్యాలయాలు వున్నాయి. ఈ పని చేసేవాళ్ళు ఎంతమంది నమోదయ్యారు, ఎంతమందికి రక్తపరీక్ష జరిగింది అని అడగడానికి మనకు సమాచార హక్కు చట్టం వుంది. బ్యాటరీలకు 2022లోనే వేరే నియమాలు వచ్చాయి కాబట్టి వాటి గురించి కాలుష్య నియంత్రణ మండలిని విడిగా అడగాలి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకుంటారు.

ఆమె ప్రశ్నకు నేను ఇప్పుడు చెప్పగల జవాబు ఇది. దుకాణానికి తాళం వేయించడం మన డిమాండు కాకూడదు. తాళం పడితే ఆ పని ఇంకో పెరట్లోకి, బహుశా ఆమె ఇంట్లోకే జరుగుతుంది. సీసం కరిగించడం, బ్యాటరీలు పగలగొట్టడం ఇళ్ళ మధ్య ఆగాలి, ఆ సరుకు పగలగొట్టకుండానే రిజిస్టరైన చోటికి చేరాలి, ఆ చేరవేతకు వీళ్ళకి ఇప్పుడు వచ్చేదానికి తగ్గకుండా డబ్బు రావాలి. ఆ డబ్బు తయారీ కంపెనీలు పెట్టుకోవాలి, ఎందుకంటే నియమాల ప్రకారం ఆ బాధ్యత వాళ్ళదే. పని జరిగిన చోట మట్టిని పరీక్షించి, అవసరమైతే తీయించాలి. షెడ్డు పక్కనే అంగన్‌వాడీ వుండాలి, గోనెసంచుల మీద కాక అక్కడ పిల్లలు పడుకోవాలి. ఇవన్నీ కలిపి అడగాలి. వీటిలో ఒకటి మాత్రమే అడిగితే దాని భారం మళ్ళీ ఆమె మీదే పడుతుంది.

రక్తపరీక్ష పెద్ద ఆర్భాటమేమీ కాదు. వేలికొనకు సూది గుచ్చి తీసిన రెండు చుక్కలతో అక్కడికక్కడే చూడగల చిన్న యంత్రాలు వున్నాయి. ఎక్కువ వచ్చినవాళ్ళకు నరంలోంచి తీసిన రక్తంతో మళ్ళీ నిర్ధారించుకోవాలి. 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు సీసాన్ని బయటికి లాగే మందులున్నాయి. అంతకు తక్కువ వున్నవాళ్ళకు ముఖ్యమైన వైద్యం సీసం వచ్చే దారి మూయడమే. ఇనుము, కాల్షియం సరిపడా అందితే సీసం తక్కువ ఎక్కుతుంది. కాబట్టి మన తైదంబలి, పాలు, ఆకుకూరలు, గుడ్డు వృథా కాదు. సమావేశంలో ఇచ్చిన సలహాలు తప్పు కాదు, వాటితోనే ఆగిపోవడం తప్పు.

పరీక్ష చేస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపించింది. ఏ ఫ్యాక్టరీ లేని పల్లెల్లో గర్భిణుల రక్తం పరీక్షిస్తే సీసం ఎక్కువగా కనబడింది. ఎక్కడి నుంచా అని వెతుకుతూ పోయిన పరిశోధకులు పసుపు దగ్గర తేలారు. రంగు మెరవడానికి వ్యాపారులు కొమ్ములకు సీసం వున్న పసుపురంగు పట్టిస్తున్నారు. 2019లో ఈ సంగతి బయటపడ్డాక ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ప్రచారం చేసింది. ఆ ఏడాది బజారులో పరీక్షించిన పసుపులో దాదాపు సగం నమూనాల్లో సీసం వుంటే, 2021 నాటికి ఒక్కదానిలోనూ దొరకలేదు. మన దేశంలోనూ 1999లో జార్జి ఫౌండేషన్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో రక్తపరీక్షలు జరిపి, పన్నెండేళ్ళలోపు పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములు దాటారని బయటపెట్టింది. మరుసటి ఏడాది, 2000లో, సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. ఈ రెండు చోట్లా పని జరిగింది తల్లులకు శుభ్రత పాఠాలు చెప్పి కాదు.

తాండూరు బాబుకి, తల్లికి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించాం. అందుకు ఆమె ఒకరోజు కూలి పోగొట్టుకుంది, పరీక్ష ఖర్చు మేం చందాలు వేసుకున్నాం. వచ్చిన అంకెలు ఇక్కడ రాయను, అవి ఆ కుటుంబం సొంత విషయం. ఆ కాగితం పట్టుకుని ఆమె మళ్ళీ అదే దవాఖానకు వెళ్ళింది. ఈసారి ఆమెను తిట్టలేదు. డాక్టరు కాగితం రెండుసార్లు చదివి, "ఇది ఎవరు చేయించమన్నారు?" అని అడిగారట.

వచ్చే మూడు నెలల్లో వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్‌లలో ఇలాంటి షెడ్లలో పనిచేసే స్త్రీలతో మాట్లాడాలని అనుకుంటున్నాం. మొదట అడగాల్సిన ప్రశ్న ఆ అంగన్‌వాడీ టీచరు అడిగినదే: ఏం పని చేస్తావు, బిడ్డను ఎక్కడ పడుకోబెడతావు? ఇతర జిల్లాల్లోని సంఘాలు కూడా తమ దగ్గర బ్యాటరీలు, టీవీలు విడగొట్టే చోట్లు ఎక్కడెక్కడ వున్నాయో, వాటికి అంగన్‌వాడీ ఎంత దూరమో చూసి రాయండి. దుకాణం పేర్లు, మనుషుల పేర్లు రాయనక్కరలేదు. కార్మిక శాఖకు, జిల్లా వైద్యాధికారికి, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టవలసిన మూడు సమాచార హక్కు దరఖాస్తుల నమూనాలు తయారు చేశాం. కావలసినవాళ్ళు పత్రిక కార్యాలయానికి రాస్తే పంపుతాం.